అరగంట తర్వాత స్లాషర్‌కు పవర్ పడిపోతోంది: తప్పు ట్రాక్టర్‌దా, మిషన్‌దా?

దామలచెరువు_తోట

ఎనిమిది ఎకరాల తోతాపురి తోటలో చెట్ల వరుసల నడుమ గడ్డి కోయడానికి ఐదడుగుల రోటరీ స్లాషర్ వాడుతున్నాను. ట్రాక్టర్ 45 హెచ్‌పీది, తొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉంది. స్లాషర్ మాత్రం మూడేళ్ల కిందట ఒకరి దగ్గర పాతదే కొన్నాను. రెండేళ్లు ఏ పేచీ లేకుండా పని చేసింది. ఈసారి అక్టోబరు వానలకు గరిక, వయ్యారిభామ మోకాలి ఎత్తు పెరిగాక తోటలో దింపితే, ఉదయం మొదటి అరగంట చక్కగా కోసి, ఆ తర్వాత ఊపిరి పోయినట్టు అయిపోతోంది. గడ్డి తెగడం మాని పడుకుంటోంది, స్లాషర్ దాటిపోయిన కాసేపటికి మళ్లీ లేచి నిలబడుతోంది. గంటసేపు ఆపి చల్లారనిస్తే ఇంకో పదిహేను నిమిషాలు బాగానే నడుస్తుంది.

మెకానిక్‌ను పిలిపిస్తే డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాడు, ఏమీ తేడా రాలేదు. ఇప్పుడు డీజిల్ పంపు విప్పి చిత్తూరు పంపాలని, పదిహేను వేల పైమాటే అవుతుందని అంటున్నాడు. ఆ డబ్బు పెట్టేముందు, ఇలాంటిది అనుభవించినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. పూత రాకముందే తోట శుభ్రం చేసుకోవాలి.

డీజిల్_బాబాయి

అరగంట బాగా నడిచి తర్వాత నీరసించే బండికి ముందు చూడవలసింది డీజిల్ ట్యాంకు మూత. ఆ మూతకు గాలి లోపలికి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులో ఖాళీ ఏర్పడి, లిఫ్ట్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. నా బండి పుంగనూరు దారిలో ఇలాగే మూడు రోజులు ఏడిపించింది. చివరకు విసుగొచ్చి మూత తిప్పితే బుస్సుమని గాలి పీల్చుకుంది. చూస్తే ఆ రంధ్రంలో కుమ్మరి పురుగు మట్టి పెట్టి ఉంది. మూత వదులుగా పెట్టి ఒక గంట నడిపి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇరాల_కుర్రాడు

హెడ్‌లైటు వెలగడం లేదని చెప్పినా పంపు విప్పాలనే మెకానిక్ మా ఊళ్లోనూ ఒకాయన ఉన్నారు. ఇద్దరూ ఒకరేనేమో కనుక్కోవాలి.

పుత్తూరు_గిరి

ఇరవై రెండేళ్లుగా వర్క్‌షాపులో ఈ మిషన్ల మధ్యే ఉన్నాను కాబట్టి ఒక మాట చెబుతాను. పవర్ తగ్గింది అన్న మాట ఒకటే అయినా దాని వెనుక రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. మొదటిది, ఇంజన్ పవర్ ఇవ్వలేకపోవడం. రెండోది, ఇంజన్ ఇచ్చిన పవర్ బ్లేడ్ల దాకా చేరకపోవడం. ఏది మీదో తేల్చకుండా ఒక్క నట్టు కూడా విప్పవద్దు.

తేల్చుకోవడానికి మూడు సంగతులు చూడండి. గడ్డి తెగడం మానిన ఆ క్షణంలో మీటరులో ఇంజన్ ఆర్పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, పడిపోతోందా, లేక ఉన్నచోటే నిలబడి ఉందా? సైలెన్సర్ నుంచి నల్లపొగ వస్తోందా? ఏదైనా కాలిన వాసన ఉందా? ఇంజన్‌కు గాలి చాలకపోయినా, మోయలేని బరువు పడినా ఆర్పీఎం పడి నల్లపొగ వస్తుంది. బాబాయి చెప్పినట్టు డీజిల్ అందకపోతే నల్లపొగ ఉండదు, ఇంజన్ తడబడి ఆగిపోబోతుంది. ఇంజన్ హాయిగా తిరుగుతూ, దాని శబ్దం కూడా మారకుండా, బ్లేడ్లు మాత్రమే నెమ్మదిస్తే ఆ తప్పు ఇంజన్‌ది కానే కాదు, నడుమ ఎక్కడో ఏదో జారుతోంది.

ఇంకో ప్రశ్న. ఇదే ట్రాక్టర్‌తో ఈ మధ్య రోటవేటర్ వాడారా?

దామలచెరువు_తోట

గిరి గారూ, మీరు అడిగినవన్నీ ఈ ఉదయం గమనించి రాస్తున్నాను. మా బండి మీటరులో 1800 దగ్గర పీటీవో 540 అని గుర్తు ఉంది, అంటే ఇంజన్ 1800 తిరిగితే వెనుక మిషన్‌ను తిప్పే పీటీవో షాఫ్ట్ 540 తిరుగుతుంది. హ్యాండ్ యాక్సిలరేటర్ అక్కడే పెట్టి కోశాను. ముప్పై అయిదు నిమిషాల తర్వాత గడ్డి పడుకోవడం మొదలైంది. అప్పుడు ముల్లు 1800 నుంచి కదలలేదు, పైగా కొంచెం పైకే లేచింది. నల్లపొగ లేదు. వాసన మాత్రం ఉంది, పాత బస్సు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వచ్చే వాసన లాంటిది. ఇన్నాళ్లూ దాన్ని ఎండు గడ్డి వాసన అనుకున్నాను.

రోటవేటర్ సెప్టెంబరులో రెండెకరాల్లో వాడాను, ఏ ఇబ్బందీ లేదు. బాబాయి గారి మాట ప్రకారం మూత తీసేసి కూడా చూశాను, తేడా లేదు.

డీజిల్_బాబాయి

మూత తీసేయవద్దు, దుమ్ము పడుతుంది. వదులు చేయమన్నాను.

పుత్తూరు_గిరి

ముల్లు పైకి లేచిందంటే ఇంజన్ మీది బరువు తగ్గింది అన్నమాట. గడ్డి ఒత్తుగా ఉన్నచోట బరువు పెరగాలి కదా, తగ్గిందంటే బ్లేడ్లకూ ఇంజన్‌కూ సంబంధం తెగుతోంది. మీ పంపు బంగారం లాంటిది, దాని జోలికి పోవద్దు.

ఇక మిగిలింది రెండు చోట్లు. ఒకటి ట్రాక్టర్ లోపలి పీటీవో క్లచ్. రెండోది స్లాషర్ గేర్‌బాక్స్ ముందు పీటీవో షాఫ్ట్ చివర ఉండే, బరువు మించితే జారే స్లిప్ క్లచ్. మీ మిషన్‌కు స్లిప్ క్లచ్ ఉందా, లేక బరువు మించితే తెగిపోయే షేర్ బోల్ట్ ఉందా?

దామలచెరువు_తోట

గేర్‌బాక్స్ దగ్గర గుండ్రని పలకలు, వాటి చుట్టూ ఎనిమిది స్ప్రింగులు ఉన్నాయి. స్లిప్ క్లచ్ అంటే అదే అయి ఉండాలి.

బీటెక్_వ్యవసాయం

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు. ఈ మధ్య వచ్చిన ట్రాక్టర్లలో పీటీవోకు రెండు లేదా అంతకంటే ఎక్కువ వేగాలు ఉంటున్నాయి. ఎకానమీ అనే స్థితిలో పెడితే ఇంజన్ తక్కువ ఆర్పీఎంలోనే పీటీవో 540 తిరుగుతుంది. డీజిల్ ఆదా అవుతుంది కానీ ఇంజన్ ఆ వేగంలో ఇవ్వగల హార్స్‌పవర్ కూడా తక్కువే కాబట్టి బరువైన పనికి అది చాలదు. లీవరు తెలియక అటు పడి ఉంటే పవర్ తగ్గినట్టే అనిపిస్తుంది. 45 హెచ్‌పీ అన్నది ఇంజన్ లెక్క. పీటీవో దగ్గరకు వచ్చేసరికి అందులో సుమారు 85 శాతం, అంటే 38 హెచ్‌పీ వరకే దొరుకుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఐదడుగుల స్లాషర్‌కు అది సరిపోతుంది.

దామలచెరువు_తోట

నాది పాత బండి, పీటీవోకు ఒకే వేగం. లీవరు వేస్తే ఉంటుంది, తీస్తే ఉండదు.

ఇరాల_కుర్రాడు

మా ఇంట్లో కరెంటు లాగానే.

కాళహస్తి_వరి

నా గడ్డి మిషన్‌కు కూడా సరిగ్గా ఇవే లక్షణాలు వచ్చాయి. బెల్టులు వదులైతే ఇలాగే వేడెక్కి జారుతాయి, రబ్బరు కాలిన వాసన వస్తుంది. నాలుగు బెల్టుల్లో ఒకటి మారిస్తే సరిపోదు, నాలుగూ ఒకేసారి మార్చాలి. లేకపోతే కొత్తది ఒక్కటే బరువంతా మోసి తొందరగా పోతుంది.

పుత్తూరు_గిరి

మీది ఫ్లెయిల్ మిషన్ అయి ఉంటుంది. మీరు చెప్పింది దానికి అక్షరాలా నిజం. రోటరీ స్లాషర్‌లో గేర్‌బాక్స్ కింది షాఫ్టుకే బ్లేడ్లు ఉంటాయి, నడుమ బెల్టులు ఉండవు.

తోట గారూ, రేపు ఉదయం ఈ పని చేయండి. ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, షాఫ్ట్ పూర్తిగా నిలిచిపోయిందని చూసుకున్నాకే దగ్గరికి వెళ్లండి. బ్లేడ్లు బరువైనవి కాబట్టి పీటీవో తీసిన తర్వాత కూడా కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి. స్లిప్ క్లచ్ పలకల అంచులు తుడిచి, బయటి పలక నుంచి నడిమి పలక మీదుగా అవతలి పలక దాకా తెల్ల పెయింటుతో అడ్డంగా ఒక గీత గీయండి. సుద్దముక్క గీత కూడా పనికొస్తుంది కానీ గడ్డి రసానికి చెరిగిపోతుంది. కవరు బిగించి, పవర్ పోయేదాకా కోసి, మళ్లీ అన్నీ ఆపి ఆ గీత చూడండి. ముక్కలైతే జారుతున్నది స్లిప్ క్లచ్. గీత చెక్కుచెదరకుండా ఉంటే జారుతున్నది ట్రాక్టర్ లోపలి క్లచ్. అప్పుడు పెడల్ ఫ్రీ ప్లే, ఫింగర్ల సర్దుబాటు చూసుకోవాలి, అది వేరే కథ.

పలమనేరు_పాడి

గీతలూ ముగ్గులూ ఎందుకు? వెయ్యి రూపాయల చుట్టుపక్కల లైటుతో కొలిచే ఆర్పీఎం మీటరు దొరుకుతుంది. మెరిసే స్టిక్కరు షాఫ్ట్ మీద అంటించి అటొకసారి ఇటొకసారి కొడితే తేడా అంకెల్లో తెలిసిపోతుంది.

పుత్తూరు_గిరి

నిలబెట్టి తిప్పితే ఆ మీటరు భేషుగ్గా పనిచేస్తుంది, కానీ ఈ జబ్బు నిలబడినప్పుడు కనబడదు, గడ్డిలో నడిచేటప్పుడే వస్తుంది. నడిచే ట్రాక్టర్ వెనుక, తిరిగే షాఫ్ట్ పక్కన మీటరు పట్టుకుని లుంగీతో పరుగెత్తమని నేను ఎవరికీ చెప్పలేను.

స్వర్ణముఖి_ఒడ్డు

గిరి గారు లుంగీ మాట నవ్వుతూ అన్నా నేను నవ్వలేకపోతున్నాను. మా పక్క పొలంలో ఒకాయన భుజం మీది టవలు షాఫ్ట్‌కు చుట్టుకుని మెడ దాకా లాగేసింది. టవలు పాతదై చిరిగింది కాబట్టి మనిషి దక్కాడు. 540 ఆర్పీఎం అంటే సెకనుకు తొమ్మిది చుట్లు, చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

దామలచెరువు_తోట

గీత పరీక్ష అయింది. ఉదయం ఏడింటికి గీసి, పావుతక్కువ ఎనిమిదికి గడ్డి పడుకోవడం మొదలైన వెంటనే ఆపాను. బయటి పలకల మీద గీత ఉన్నచోటే ఉంది, గేర్‌బాక్స్ షాఫ్టును పట్టుకున్న నడిమి పలక మీది తెల్ల ముక్క మాత్రం వెతికితే అవతలి వైపు, దాదాపు కింద కనిపించింది. పలకల మీద నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఆవిరైంది.

మా డ్రైవర్ స్ప్రింగుల నట్లు చివరిదాకా బిగించేస్తే జారదు కదా అంటున్నాడు. బిగించమంటారా?

పలమనేరు_పాడి

నేను పోయిన ఏడాది అలాగే బిగించాను, ఇప్పటిదాకా బాగానే ఉంది.

స్వర్ణముఖి_ఒడ్డు

దయచేసి బిగించవద్దు. నిరుడు మా డ్రైవర్ కూడా ఇదే మాట చెప్పి, స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి తాకేదాకా బిగించాడు. వారం రోజులు బ్రహ్మాండంగా కోసింది. తొమ్మిదో రోజు గడ్డిలో కనబడని పాత హద్దు రాయికి బ్లేడ్ తగిలింది. క్లచ్ జారి ఆ దెబ్బను మింగవలసింది, మింగలేదు. గేర్‌బాక్స్ విప్పితే పళ్లు ఊడిన బెవెల్ గేర్ ఒకటి, వంగిన షాఫ్ట్ ఒకటి బయటపడ్డాయి. పద్దెనిమిది వేలు అయింది. ఆ స్ప్రింగులు ఉన్నది అందుకే అని ఆ తర్వాత తెలిసింది.

పుత్తూరు_గిరి

అక్క చెప్పిన దానికి నేను కలిపేది ఏమీ లేదు. పలమనేరు సోదరా, మీ తోటలో రాయి లేకపోవడం మీ అదృష్టం, వీలు చూసుకుని ఆ నట్లు వదులు చేయండి.

తోట గారూ, క్లచ్ ఎందుకు జారుతోందో చూడకుండా బిగిస్తే జబ్బు దాక్కుంటుంది. స్ప్రింగులు మెత్తబడి ఉండవచ్చు, పలకల నడుమ పట్టు ఇచ్చే ఫైబర్ ప్లేట్లు అరిగి ఉండవచ్చు, వాటి మీద ఆయిల్ పడి ఉండవచ్చు. బిగించిన పొడవు ఎనిమిది స్ప్రింగులకూ ఎంతెంత ఉందో కొలిచి రాసుకుని, ఆ తర్వాతే విప్పండి. విప్పేటప్పుడు ప్లేట్ల వరుస సెల్‌ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

దామలచెరువు_తోట

ఈ మధ్యాహ్నం మామిడి చెట్టు కింద గోనెసంచి పరిచి విప్పాను. స్ప్రింగులన్నీ ఒకే పొడవున్నాయి, చుట్ల నడుమ సందు బాగానే ఉంది. లోపల రెండు ఫైబర్ ప్లేట్లు. ట్రాక్టర్ వైపుది మట్టిరంగులో, గోటితో గీరితే పొడి రాలేలా ఉంది. గేర్‌బాక్స్ వైపుది నల్లగా, బాగా వాడిన దోసె పెనంలా నున్నగా మెరుస్తోంది. వేలు పెట్టి రుద్దితే జిడ్డు అంటింది, వాసన చూస్తే ఆ బస్సు వాసనే. దాని పక్కనున్న ఇనుప పలక ఒక చోట అరచేయంత మేర నీలంగా మారి ఉంది.

గేర్‌బాక్స్ నుంచి షాఫ్ట్ బయటికి వచ్చే చోట ఆయిల్ సీల్ చుట్టూ తడిగా ఉంది, దాని మీద దుమ్ము పట్టి వడియంలా గట్టిపడింది. ఆయిల్ అక్కడి నుంచే వచ్చిందని నాకు అర్థమైంది. కొత్త సీల్, రెండు ఫైబర్ ప్లేట్లు రేపు తిరుపతి నుంచి తెస్తాను.

బీటెక్_వ్యవసాయం

వేడెక్కిన తర్వాతే జారడానికి కారణం కూడా ఇందులో కనిపిస్తోంది. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి, పొడిగా ఉన్న ప్లేటు ఒక్కటే చాలా మట్టుకు పట్టు ఇస్తుంది. ఒకసారి జారడం మొదలైతే రాపిడికి వేడి పుడుతుంది, వేడికి పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా జారుతుంది.

పుత్తూరు_గిరి

తమ్ముడు బాగా చెప్పాడు. అయితే తోట గారూ, సీల్ మార్చి ఊరుకుంటే రెండు నెలల్లో మళ్లీ ఇక్కడే రాస్తారు. సీల్ ఎందుకు కారింది అన్నది ఇంకా తేలలేదు. గేర్‌బాక్స్ నెత్తిన చిన్న మూత ఉంటుంది, దాన్ని బ్రీదర్ అంటాం. లోపల ఆయిల్ వేడెక్కినప్పుడు పెరిగే గాలి ఆ రంధ్రం గుండా బయటికి పోతుంది. అది మూసుకుపోతే ఆ ఒత్తిడి సీల్ పెదవి మీద పడి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. దాన్ని చూడండి. గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఎంత పోశారో, ఎక్కడిదాకా పోశారో కూడా చెప్పండి.

దామలచెరువు_తోట

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. బ్రీదర్ రంధ్రం ఉన్నచోట నారింజ రంగు పెయింటు గట్టిగా పేరుకుని ఉంది. అమ్మినాయన కొత్తదానిలా కనిపించాలని మిషన్ మొత్తానికి రంగు కొట్టించి ఇచ్చాడు, బ్రీదర్‌ను కూడా వదల్లేదు. గుండుసూదితో పొడిస్తే రంగు పొరలు పొరలుగా వచ్చింది.

ఆయిల్ సంగతి చెప్పాలంటే తప్పు నాదే. సెప్టెంబరులో పై రంధ్రం నుంచి అంచు దాకా 90 నంబరు ఆయిల్ నింపాను. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకున్నాను.

పుత్తూరు_గిరి

రెండేళ్లు ఆగి ఈ ఏడాదే ఎందుకు మొదలైందని నాకు మొదటి నుంచీ ఒక సందేహం ఉండేది, ఇప్పుడు తీరింది. గేర్‌బాక్స్ పక్కన, నడుముకు కాస్త అటూ ఇటుగా ఒక లెవెల్ బోల్ట్ ఉంటుంది. మిషన్ సమంగా నిలబెట్టి, అది విప్పినప్పుడు ఆయిల్ అంచు దాకా కనబడితే చాలు. పైదాకా పోస్తే వేడికి పెరగడానికి చోటు ఉండదు. బ్రీదర్ మూసుకుపోయినా ఇన్నాళ్లూ లోపలి ఖాళీ కొంత కాపాడింది, ఆ ఖాళీ కూడా మీరు నింపేశారు.

ఇనుప పలకలు పారేయనక్కర లేదు. అద్దం మీద సన్న ఎమరీ కాగితం పరిచి, నీలం మచ్చ పోయేదాకా గుండ్రంగా రుద్దండి. వంగి ఉంటే మాత్రం మార్చండి. కొత్త ప్లేట్లకు జిడ్డు చేయి తగలనీయవద్దు. స్ప్రింగులన్నీ మీరు రాసుకున్న పొడవుకే బిగించి, గీత మళ్లీ గీయండి. మామూలు గడ్డిలో గీత కదిలితే ప్రతి నట్టూ పావు చుట్టు చొప్పున బిగించండి, అంతకు మించి వద్దు.

ఇరాల_కుర్రాడు

పంపు పదిహేను వేలు కాస్తా గుండుసూది దగ్గరికి వచ్చి ఆగింది.

దామలచెరువు_తోట

సీల్, రెండు ప్లేట్లు కలిపి పద్నాలుగు వందల నలభై రూపాయలు అయ్యాయి. బిగించి, ఆయిల్ లెవెల్ సరిచేసి, నిన్న గంటన్నర ఆపకుండా కోశాను. గీత ఇసుమంత కూడా కదలలేదు, వాసన లేదు.

కానీ ఇప్పుడు కొత్త గొడవ వచ్చింది. ఒత్తు గడ్డిలోకి వెళ్లగానే ఇంజన్ ముల్లు 1800 నుంచి 1500కు పడుతోంది, పొగ కూడా కొద్దిగా నల్లగా వస్తోంది. 1500 అంటే పీటీవో 450 దగ్గర తిరుగుతోందన్నమాట. క్లచ్ మరీ గట్టిగా పట్టిందా?

డీజిల్_బాబాయి

ఇన్నాళ్లకు నా వంతు వచ్చింది. నల్లపొగ అంటే గాలి చాలడం లేదు. ఎయిర్ క్లీనర్ విప్పండి.

పుత్తూరు_గిరి

క్లచ్ సరిగ్గా పట్టింది కాబట్టే ఇప్పుడు అసలు బరువు ఇంజన్‌కు తెలుస్తోంది. ఇంతకుముందు ఆ బరువు క్లచ్ ప్లేట్లలో కాలిపోయేది. బాబాయి మాట తీసిపారేయను కానీ, ముందు స్లాషర్ కింద చూడండి. ఎత్తి, కింద గట్టి దుంగలు పెట్టిన తర్వాతే చెయ్యి పెట్టండి, హైడ్రాలిక్‌ను నమ్మి కింద దూరవద్దు. బ్లేడ్ల పదును చూడండి, బోల్టు చుట్టూ బ్లేడ్ స్వేచ్ఛగా ఊగుతోందా చూడండి, కింది షాఫ్ట్‌కు ఏమైనా చుట్టుకుందేమో చూడండి. ఆ తర్వాత మిషన్‌ను నేల మీద కోత ఎత్తుకు దించి, ముందు అంచు ఎంత ఎత్తులో ఉందో, వెనుక అంచు ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలవండి.

పలమనేరు_పాడి

అన్నీ ఒకేసారి సరిచేసేస్తే పోలేదా?

పుత్తూరు_గిరి

పని అయిపోతుంది, కానీ ఏది దొంగో తెలియదు, వచ్చే ఏడాది మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఒక్కోటి సరిచేసి, అదే గేరులో, అలాంటి గడ్డిలోనే ఒక సాలు కోసి ముల్లు చూడమంటాను.

దామలచెరువు_తోట

రెండు రోజులు పట్టినా ఆ పద్ధతిలోనే చేశాను.

మొదట కింద చూస్తే, బ్లేడ్ పలకకూ గేర్‌బాక్స్‌కూ మధ్య షాఫ్ట్ చుట్టూ పదహారు మిల్లీమీటర్ల డ్రిప్ పైపు చుట్టలు చుట్టలుగా, కరిగి అతుక్కుపోయి ఉంది. కొడవలితో కోసి లాగితే మూరలకు మూరలు వచ్చింది. పోయిన వేసవిలో నాలుగో వరుసలో మాయమైన పైపు ఇదే, నేను ఇన్నాళ్లూ అడవిపందులను తిట్టుకున్నాను. తీశాక ముల్లు మాత్రం 1500 దగ్గరే ఉంది.

తర్వాత బ్లేడ్లు. రెండూ మొద్దుబారి అంచు చిటికెన వేలంత గుండ్రంగా అయ్యాయి. గ్రైండింగ్ పట్టించి బిగిస్తే 1600.

ఆ తర్వాత టేపు పెట్టి కొలిస్తే ముందు అంచు కంటే వెనుక అంచు రెండంగుళాలు కిందికి ఉంది. రోటవేటర్ తీసి స్లాషర్ తగిలించినప్పుడు, మిషన్ పైభాగాన్ని ట్రాక్టర్‌కు కలిపే టాప్ లింక్ ముట్టుకోలేదు. దాన్ని తిప్పి పొట్టి చేస్తే వెనుక లేచింది. ఇప్పుడు ముందు అంచు ముప్పావు అంగుళం కిందికి ఉంది. ముల్లు 1700 దగ్గర నిలిచింది.

స్వర్ణముఖి_ఒడ్డు

టాప్ లింక్‌కు అంత తేడా ఉంటుందా? నేను ఎప్పుడూ కొలవలేదు.

పుత్తూరు_గిరి

ఉంటుందక్కా. వెనుక దిగి ఉంటే ముందు బ్లేడ్ కోసిన గడ్డిని వెనుకకు తిరిగొచ్చిన బ్లేడ్ మళ్లీ కోస్తుంది, ఆ ముక్కలు బయటికి పోలేక లోపలే తిరుగుతాయి. ఇంజన్ రెండు కోతల కూలి చెల్లిస్తుంది, పడేది ఒక కోత. ముందు అంచు అర అంగుళం నుంచి అంగుళం వరకు కిందికి ఉంటే గడ్డి ఒకసారే తెగి వెనుక నుంచి సాఫీగా పడిపోతుంది.

పైపు తీస్తే ముల్లు కదలలేదని తోట గారు నిరాశపడనక్కర లేదు. అది ఇంకో నెల ఉంటే కింది సీల్‌ను కోసేసి ఆయిలంతా మట్టిపాలు చేసేది. బ్లేడ్లు మాత్రం మంగలి కత్తిలా నూరించకండి, మరీ పలచని అంచు మొదటి రాయికే వంగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం మిగలాలి. జత బ్లేడ్లను తూకం వేయించి సమానంగా ఉంచండి, లేకపోతే అదురు మొదలవుతుంది.

డీజిల్_బాబాయి

ఎయిర్ క్లీనర్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

దామలచెరువు_తోట

బాబాయ్, అది కూడా చూశాను. మాది ఆయిల్ గిన్నె ఉండే రకం. గిన్నె విప్పితే అడుగున రెండు వేళ్ల మందాన మా తోట ఎర్రమట్టి హల్వాలా పేరుకుని ఉంది. డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోశాను. ముల్లు 1720కి వచ్చింది, పొగ పూర్తిగా పోయింది.

డీజిల్_బాబాయి

ఆ ఇరవై నావి.

కాళహస్తి_వరి

ఏ గేరులో కోస్తున్నారు? మా డ్రైవర్ తొందరకు లో గేరు మూడులో పోనిస్తాడు.

దామలచెరువు_తోట

మోకాలి ఎత్తు గడ్డిలో లో గేరు ఒకటి, పలచగా ఉన్నచోట లో గేరు రెండు. యాక్సిలరేటర్ మాత్రం 1800 దగ్గరి నుంచి దించడం లేదు. నెమ్మదిగా పోవాలంటే గేరు మార్చుకోవాలి కానీ యాక్సిలరేటర్ తగ్గించకూడదని నాకు ఈ వారమే తెలిసింది. నేనూ మా డ్రైవరూ ఇన్నేళ్లూ తలకిందులుగా చేస్తూ వచ్చాము.

పుత్తూరు_గిరి

కోత అయిపోయి మిషన్ షెడ్డులో పెట్టేటప్పుడు స్ప్రింగుల నట్లు రెండు చుట్లు వదులు చేసి పెట్టండి. ఎన్ని చుట్లు తిప్పారో గేర్‌బాక్స్ మీదే చాక్‌పీస్‌తో రాయండి. నెలల తరబడి బిగించి ఉంచితే తేమకు ప్లేట్లు ఇనుముకు అతుక్కుపోతాయి, అప్పుడు అది జారవలసిన సమయంలో కూడా జారదు. మళ్లీ బయటికి తీసినప్పుడు అలా వదులుగానే ఉంచి, గీత గీసి, పీటీవో రెండు మూడు సెకన్లు తిప్పి ఆపండి. గీత కదిలితే ప్లేట్లు విడివడినట్టు, అప్పుడు పాత కొలతకు బిగించుకోవచ్చు.

పలమనేరు_పాడి

గిరి అన్నా, నా నట్లు ఈ ఉదయం వదులు చేద్దామని చూస్తే రెండు తిరగడం లేదు, తుప్పు పట్టాయి. ఏం చేయాలి?

పుత్తూరు_గిరి

రాత్రి డీజిల్ పోసి నానబెట్టండి. ప్లేట్ల మీద పడకుండా చుట్టూ గుడ్డ కట్టండి, ఈ చర్చ అంతా దేని గురించి జరిగిందో మీకు తెలుసు కదా.

దామలచెరువు_తోట

ఎనిమిది ఎకరాలూ నిన్న సాయంత్రానికి పూర్తయ్యాయి, గంటకు ఇంచుమించు ఎకరా చొప్పున పడింది. గీత గీసినచోటే ఉంది. మెకానిక్ దారిలో కనిపించి పంపు ఎప్పుడు విప్పుదామని అడిగితే, ఫోనులో ఆ నల్ల ప్లేటు ఫొటో చూపించాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఈ ఫొటో తనకు పంపమన్నాడు.

డీజిల్_బాబాయి

అంతా బాగుంది. ఆ ట్యాంకు మూత రంధ్రం మాత్రం ఒకసారి గుండుసూదితో పొడిచి చూసుకోండి, ఎలాగూ సూది చేతిలోనే ఉంది.